ఆపితే లేచే మనిషి

కనుకయ్యను నిద్రలేపడానికి పిలవక్కర్లేదు, తట్టక్కర్లేదు. చుట్టూ ఉన్న చప్పుడు ఆపితే చాలు.

మహారాష్ట్రలోని భివండీలో, కనేరి పేట గల్లీల్లో బతికేవాళ్లకు ఇది వింత కాదు. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్లు సాంచె అంటారు. ఒక్క మనిషి నాలుగు సాంచెలు చూసుకోవాలి. రాత్రి పాళీలో కళ్లు మూతలు పడతాయి. ఆ సంగతి సేటుకూ తెలుసు. గోడకు చేరగిలబడి ఓ కునుకు తీస్తే ఎవరూ ఏమీ అనరు. కాని సాంచె ఆగిన మరుక్షణం లేవాలి. అడ్డంగా నేసే పేక పోగు తెగినా, నాడెలో నూలు చుట్టిన కండె అయిపోయినా సాంచె దానంతట అదే ఆగిపోతుంది. నాలుగు చప్పుళ్లలో ఒకటి తగ్గుతుంది. పక్కన బాంబు పేలినా కదలని కనుకయ్య, ఆ ఒక్క చప్పుడు తగ్గగానే కళ్లు తెరిచేవాడు. పూర్తిగా మెలకువ రాకముందే నోట్లోంచి మాట వచ్చేది.

"ఏది ఆగింది?"

కార్ఖానాలో అది పనితనం. ఇంట్లో అది నవ్వులాట. ఫ్యాను ఆగితే లేచేవాడు. పక్కింటి మిక్సీ ఆగితే లేచేవాడు. భార్య ఓదెమ్మ రొట్టెలు కొట్టడం ఆపి చెయ్యి కడుక్కునేలోపల, చాప మీద లేచి కూర్చుని "ఏది ఆగింది?" అనేవాడు. "నా చెయ్యి ఆగింది. పండు," అనేది ఆమె.

జమ్మికుంట పక్క పల్లె ఆయనది. సెంటు భూమి లేదు. తండ్రి ఓ దొర దగ్గర జీతం ఉండేవాడు. తల్లి ఎండాకాలం వస్తే ఇండ్ల కప్పులకు బోదగడ్డి కోసేది. మీసాలు రాకముందే, ఊరివాళ్ల వెంట భివండీ వచ్చాడు. మొదట కండెలు చుట్టాడు, తర్వాత సాంచె పట్టాడు. ఇక వదల్లేదు.

ఓదెమ్మ పెళ్లయి కనేరికి వచ్చిననాడు, వాళ్ల గదికీ కార్ఖానాకీ మధ్య ఒకే గోడ ఉంది. అటు సాంచెలు ఆడుతుంటే ఇటు గూట్లో స్టీలు గిన్నెలు వణికేవి. పడుకుంటే చప్పుడు చెవుల్లోంచి కాదు, వీపులోంచి లోపలికి వచ్చేది. కొత్త పెళ్లికూతురికి కంటి మీద కునుకు లేదు. పక్కన ఆయన పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు.

"ఇది ఎప్పుడు బందైతది?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

"శుక్కురారం."

శుక్రవారం కనేరిలో సాంచెలకు సెలవు. ఆమె పండగ కోసం చూసినట్టు ఆ రోజు కోసం చూసింది. శుక్రవారం వచ్చింది. గల్లీ గల్లీ నోరు మూసుకుంది. ఎక్కడో కోడి అరవడం, ఎవరో బిందె దించడం కూడా వినబడ్డాయి. ఓదెమ్మ అన్నం కూడా తినకుండా పడి నిద్రపోయింది. సాయంత్రం లేచి చూస్తే, మొగుడు మోకాళ్లు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పండుకోలేదా?"

"పండుకుంటె ఏదో ఆగినట్టే ఉంటది. లేవబుద్ధైతది."

వాళ్ల కాపురం అలా మొదలైంది. వారమంతా ఆయన పడుకుంటే ఆమె మేలుకునేది. శుక్రవారం ఆమె పడుకుంటే ఆయన మేలుకునేవాడు. తర్వాత్తర్వాత ఆమె చప్పుడుకు అలవాటు పడింది. గది గుమ్మంలోనే చరకా పెట్టుకుని కండెలు చుట్టింది. స్వర్ణను కన్నది, పెంచింది. ఆయన మాత్రం నిశ్శబ్దానికి అలవాటు పడలేదు. వయసు మీద పడ్డాక దానికి ఇంకో బాధ తోడైంది. చప్పుడు ఆగితే చాలు, చెవుల్లో కీచురాళ్లు మొదలయ్యేవి. శుక్రవారం వస్తుందంటే గురువారం నుంచే ముఖం మాడ్చుకునేవాడు.

చెవుల డాక్టరు చూసి, ఇన్నేళ్లు సాంచెల మధ్య ఉంటే ఇంతేనని, దీనికి మందు లేదని, పడుకునేటప్పుడు ఏదో ఒక మెత్తని చప్పుడు పక్కన పెట్టుకోమని చెప్పాడు.

"మెత్తటి చప్పుడంటె ఎట్లుంటది?" అని దారి పొడుగునా అడిగాడు కనుకయ్య. ఆయన ఎరిగిన చప్పుళ్లలో మెత్తనిది ఒక్కటీ లేదు.

దాన్ని వెతికింది స్వర్ణ. భివండీ పక్కనున్న పూర్ణలో ఓ గోదాములో పార్సిళ్లు కట్టే పని ఆమెది. అక్కడి ఆడపిల్లలు మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు కళ్లు మూసుకోవడానికి ఫోన్లో ఇలాంటివే పెట్టుకుంటారు. తన పాత ఫోను, అద్దం పగిలినది, తండ్రికిచ్చింది. ఒక శుక్రవారం ఆయన్ని పడుకోబెట్టి, తలగడ పక్కన ఫోను పెట్టి, ముందు వాన చప్పుడు పెట్టింది.

కనుకయ్య రెండు నిమిషాలు విని లేచి కూర్చున్నాడు. "కార్ఖానల రేకు కారుతది బిడ్డా. దారం చుట్టిన బీము మీద నీళ్లు వడితె అంత ఖరాబైతది."

"అరె బాపూ, ఖరా పావుస్ నాహీ. నిజం వాన గాదు, ఉత్త వీడియో."

"ఉత్తదే గని, నాకు భయమైతుంది."

జలపాతం పెట్టింది. "నల్లా వచ్చినట్టుందే, బకీటు వెట్టుండ్రి," అని ఓదెమ్మను లేపాడు. సముద్రం పెట్టింది. అల వచ్చి విరిగినప్పుడల్లా పడుకునేవాడు, అల వెనక్కి పోయినప్పుడల్లా లేచేవాడు. ఆ పూట వాకిట్లో కూర్చుని ఇదంతా చూస్తున్న సదానందం కడుపు పట్టుకుని నవ్వాడు. సదానందం ఓదెమ్మ పుట్టినూరివాడు, కనుకయ్య పక్క సాంచెలు నడిపేవాడు. ఓదెమ్మ అతనికి అక్క, కనుకయ్య బావ.

"బావా, నువ్వు సచ్చిననాడు డాక్టరును పిలిచే పని లేదు," అన్నాడు. "కనేరిల సాంచెలన్ని బంద్ చేపిస్త. నువ్వు లేస్తె సరే. లేవకుంటె కట్టెలు దెస్త."

"నీ నోట్ల మన్ను వడ," అంది ఓదెమ్మ, నవ్వుతూనే.

ఆఖరికి స్వర్ణ గడ్డి పెట్టింది. నిలువెత్తు గడ్డి మీదుగా గాలి పోతున్న చప్పుడు. అందులో పాట లేదు, పిట్ట లేదు. దూరం నుంచి గాలి వస్తుంది, గడ్డి అంతా ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తుంది, ఆ గాలి పోకముందే వెనక ఇంకో గాలి వస్తుంది. కనుకయ్య ఫోను చేతిలోకి తీసుకుని బొమ్మ చూశాడు.

"ఎవల చేను గిది?"

"ఎవల్ది కాదు బాపూ."

"గింత గడ్డి ఎవలు కొయ్యకుంట ఎట్ల ఇడిచిపెట్టిండ్రు?" అని ఆశ్చర్యపోయాడు. కాసేపు విన్నాడు. "మా అవ్వ బోద కోస్తుంటె నన్ను గట్టు మీద పండవెడుతుండె," అన్నాడు. ఇంకాసేపటికి, నిద్రమత్తులో, "దీంట్ల తెగేది ఏం లేదే," అన్నాడు. ముఖం మీద తువ్వాల కప్పుకున్నాడు. అది కూడా సాంచెల అలవాటే. దూది నుసి ముక్కులోకి పోకుండా అలా కప్పుకునే పడుకుంటారు.

పడుకున్నాడు. కనేరికి వచ్చాక మొదటిసారి శుక్రవారం మధ్యాహ్నం కనుకయ్య గురక వినబడింది.

అప్పటినుంచి శుక్రవారాలు బాగుపడ్డాయి. అన్నం తినడం, గడ్డి పెట్టుకోవడం, తువ్వాల కప్పుకోవడం. కాని గడ్డి ఆగితే మాత్రం లేచేవాడు. సదానందం పరీక్షించకుండా ఊరుకునేవాడు కాదు. గురక పెట్టేదాకా ఆగి, పిల్లిలా వచ్చి ఫోను ఆపేవాడు. తువ్వాల కింది నుంచి "ఏది ఆగింది?" అని వినబడేది. సదానందం అప్పటికే గల్లీ మలుపులో ఉండేవాడు.

ఓదెమ్మకు మాత్రం అందులో నవ్వు కన్నా దిగులే ఎక్కువ. పడుకున్నా ఆయన పడుకున్నట్టు కాదని ఆమెకు అనిపించేది. ఒక చెవి ఎప్పుడూ కాపలా ఉంటుంది. ఊరు విడిచిన దగ్గరినుంచి ఈ మనిషి ఒక్కసారైనా ఒళ్లు మరిచి పడుకున్నాడా? ఒకసారి ఆయనతోనే అంది.

"ఒక్కనాడన్న గది బంద్ చేసినంక గూడ లేవకుంట పండుకోరాదు. మంది లెక్క."

"పండుకుంట తియ్. సాంచెలు ఇడిసిపెట్టిననాడు పండుకుంట," అన్నాడాయన.

ఆమె కోరిక అంతకన్నా పెద్దది కాదు. ఇల్లు అడగలేదు, బంగారం అడగలేదు. చప్పుడు ఆగినా ఆయన కళ్లు తెరవని ఒక్క మధ్యాహ్నం చూడాలని ఉండేది.

మొన్న ఎండాకాలం ఒక శుక్రవారం. పొద్దుటి నుంచి ఇళ్లలో కరెంటు లేదు. కనుకయ్య రాత్రి పాళీ దిగివచ్చి, స్నానం చేసి, పప్పుచారు పోసుకుని తిన్నాడు. వీపులో పట్టినట్టుందని ఓసారి అన్నాడు. బీము ఎత్తినప్పుడు పట్టి ఉంటుందనుకున్నారు ఇద్దరూ. ఆమె కొబ్బరినూనె రాసింది. గడ్డి పెట్టుకుని, తువ్వాల కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఓదెమ్మ గిన్నెలు కడిగి వచ్చి చూస్తే ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది. ఆ రోజు స్వర్ణకు ఓవర్‌టైం పడేట్టుంది. ఉంటే ఫోన్ చేసి చెబుతానంది. ఫోను చచ్చిపోతే పిల్ల ఎక్కడుందో తెలియదు. ఆయన నిద్ర చెడగొట్టాలా, పిల్ల ఫోను పోగొట్టాలా అని ఓదెమ్మ కొంతసేపు తటపటాయించింది. చివరికి వంగి గడ్డి ఆపేసింది. ఆపి, తిట్టు కోసం ఎదురుచూసింది.

ఆయన లేవలేదు.

ఆమె కదల్లేదు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంది. గదిలో చప్పుడు లేదు, గోడ అవతల చప్పుడు లేదు. తువ్వాల కింది నుంచి మాట రాలేదు. ఓదెమ్మ ముఖం మీదికి నవ్వు వచ్చింది. చెయ్యి వేసి చూద్దామనుకుని వెనక్కి తీసుకుంది. తాకితే లేస్తాడు. ముఖం మీది తువ్వాల తీసి చూద్దామనుకుంది, అదీ మానుకుంది. మునివేళ్ల మీద వెనక్కి నడిచి బయటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

సదానందం ఎప్పటిలాగే తన పరీక్ష కోసం వచ్చాడు. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఏందే అక్కా?"

"మెల్లగ మాట్లాడు. గడ్డి బంద్ చేసిన. లేవలే."

"లేవలేదా?" సదానందం లోపలికి తొంగిచూశాడు. "బావనేనా గాయిన?"

"పో తమ్మీ, నీకు దండం వెడత."

సదానందం చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, దొంగలా ఒక్కో అడుగు ఎత్తి వేస్తూ గల్లీ మలుపుదాకా నడిచి, అక్కడ వేసుకుని, వెనక్కి తిరిగి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఓదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె కాపలా ఉంది. ఎదురింటి గంగాబాయి మంచం కోళ్లకు మేకులు కొట్టుకుంటుంటే పోయి సుత్తి ఆపించింది. "ఏమైందొదినా?" అని గంగాబాయి గాబరా పడితే, "ఆయన పండుకున్నడు," అంది. ఆ మాట అంటుంటే ఆమె గొంతులో ఉన్న గర్వం చూసి గంగాబాయి సుత్తి పక్కన పెట్టి, వాకిట్లోకి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. పిల్లలు బంతి ఆడుతూ వస్తే ఇద్దరూ కలిసి చేతులూపి అవతలి గల్లీలోకి తోలారు. ఐస్ అమ్మేవాడు గంట కొట్టబోతే గంట పట్టుకుంది ఓదెమ్మ. గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. అటుగా పోయేవాళ్లు నవ్వుకుంటూ అడుగు తేలిక చేసుకుని పోయారు. ఆమె చరకా తిప్పలేదు. ఒట్టి చేతులతో, ఎండ గోడ దిగిపోతుంటే చూస్తూ కూర్చుంది. తన పెళ్లయ్యాక అంత సుఖంగా ఒక పూట కూర్చున్నట్టు ఆమెకు గుర్తులేదు.

స్వర్ణ ఫోను రానే లేదు. ఓవర్‌టైం లేదని తెలిసి నేరుగా ఇంటికే వచ్చింది. వచ్చేసరికి తల్లి వేలు పెదాల మీద పెట్టుకుని ఉంది.

"బాపు పండుకున్నడు. గడ్డి లేకుంటనే."

"సచ్చీ?" అని స్వర్ణ కూడా నవ్వి, చెప్పులు విడిచి లోపలికి పోయింది. తండ్రి కాళ్ల దగ్గర మంచినీళ్ల బిందె. నీళ్లు ముంచుకోబోతూ ఆయన పాదం చల్లగా తగిలింది.

ఆమె అరుపు గల్లీ అంతా వినబడింది.

పిలిస్తే వచ్చిన డాక్టరు చెయ్యి పట్టి చూసి, మధ్యాహ్నమే పోయాడన్నాడు. మధ్యాహ్నం అంటే ఎప్పుడని అడిగింది ఓదెమ్మ. అంత కచ్చితంగా చెప్పలేనన్నాడు. గుండె ఆగి ఉంటుందన్నాడు. "ఆఖరీ బార్ జిందా కబ్ దేఖా?" అని అడిగాడు. ప్రాణంతో ఉండగా చివరిసారి ఎప్పుడు చూశావని. స్వర్ణ తల్లి భుజం పట్టుకుని మళ్లీ అడిగితే, "మొఖం మీద తువ్వాల ఉండె బిడ్డా. నేను చూడలే. లేస్తడని చూడలే," అంది ఓదెమ్మ.

సాంచెలు ఆగి ఉండగానే కనుకయ్యను తీసుకుపోయారు. సదానందం పాడె ముందు కొమ్ము పట్టుకున్నాడు. తాను అన్న కట్టెల మాట ఎవరూ ఎత్తలేదు కాని, అతను దారి పొడుగునా తల ఎత్తలేదు.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. అందరూ ఒకటే మాట అన్నారు. పుణ్యాత్ముడు, నిద్రలో పోయాడు, మంచం పట్టలేదు, ఎవరితో చేయించుకోలేదు. ఓదెమ్మ తల ఊపింది. అన్నం ముందు కూర్చునేది గాని ముద్ద దిగేది కాదు. గది మూలకు చూస్తూ ఉండేది. స్వర్ణ పని మానేసి ఇంట్లోనే ఉండిపోయింది.

మళ్లీ ఒక శుక్రవారం వచ్చింది. సాంచెలు ఆగాయి. ఆ నిశ్శబ్దం తట్టుకోలేక స్వర్ణ ఫోను తీసి గడ్డి పెట్టింది. చాప ఉండే చోట గాలి వచ్చి పోతోంది. ఓదెమ్మ వద్దనలేదు, వింటూ కూర్చుంది. సదానందం వచ్చి గుమ్మం పక్కన కూలబడ్డాడు. అతను చాలా రోజులుగా ఒక మాట మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎట్లాగైనా చెప్పాలనే వచ్చాడు.

"అక్కా, నువ్వు గట్ల కుమిలిపోకే. నేనొక మాట చెప్త, విను. బావ సంగతి మనకెరుకే. చప్పుడు ఆపితె లేవకుంట ఉంటడా? ఎన్నిసార్లు ఆపి చూసిన నేను. ఒక్కనాడన్న తప్పిందా? నువ్వు బంద్ చేసినప్పుడు లేవలేదంటె..." గొంతు సవరించుకున్నాడు. "అప్పటికే పోయిండే అక్కా. గడ్డి వినుకుంటనే పోయిండు. నువ్వు అప్పుడు తట్టి లేపినా లేవకపోతుండె. నీ తప్పేం లేదు."

"హా అవ్వా," అంది స్వర్ణ, కళ్లు తుడుచుకుంటూ. "మామ సహీ చెప్తుండు. నేను గూడ గదే అనుకున్న."

ఓదెమ్మ ఇద్దరినీ చూసింది. తన మీద ప్రేమతో ఎంత ఆలోచించి తెచ్చారో ఆ మాటను. దాన్ని పట్టుకుంటే చాలు, ఇంక రాత్రిళ్లు పడుకోవచ్చు. తన చేతిలో ఏమీ లేదు, తను చేయగలిగింది ఏమీ లేదు.

కాని అదే నిజమైతే, ఆ మధ్యాహ్నం ఏమైనట్టు? ఎవరి కోసం సుత్తి ఆపించింది? ఎవరి కోసం పిల్లల్ని తోలింది, గంట పట్టుకుంది? గల్లీ అంతా అడుగు తేలిక చేసుకుని నడిచింది ఎవరి నిద్ర కోసం? అదే నిజమైతే ఆ మనిషి ఒక్కసారి కూడా పడుకోలేదు. ఊరు విడిచిన నాటినుంచి, ఆఖరి ఊపిరిదాకా, ఒక చెవి కాపలా పెట్టుకునే పోయాడు.

"లేదు తమ్మీ," అంది.

"ఏంది లేదు?"

"నేను బంద్ చేసినప్పుడు పానం ఉండె. చూసిన. కడుపు మీదికి కిందికి అయితుండె. తువ్వాల గూడ కదిలింది."

సదానందం ముఖం పాలిపోయింది. "అంటె అప్పుడు గన్క దవఖానకు..." అని ఆపేశాడు.

"ఔ. తీస్కవోతె బతుకుతుండెనేమో. నాకెరుకే. మంచిగ పండుకున్నడు. నేను పండనిచ్చిన. గదంత నా మీదనే ఉండనియ్యి. ఆయన మాత్రం పండుకున్నంకనే పోయిండు."

స్వర్ణ తల్లివైపు తిరిగింది. డాక్టరు అడిగిననాడు తల్లి ఏం చెప్పిందో ఆమెకు తెలుసు. నోరు తెరిచింది. తల్లి కళ్లు చూసి నోరు మూసేసుకుంది.

"ఇగ గది బంద్ చెయ్ బిడ్డా," అంది ఓదెమ్మ.

స్వర్ణ గడ్డి ఆపింది. గది నిశ్శబ్దమైంది. ముగ్గురూ మూలకు చూశారు. ఎంతసేపటికో సదానందం లేచాడు. పోతానని నోటితో చెప్పలేదు, తలతోనే చెప్పాడు. గుమ్మంలో విడిచిన చెప్పులు వంగి చేతిలోకి తీసుకున్నాడు. గల్లీ మలుపు తిరిగేదాకా వాటిని వేసుకోలేదు.